గమ్ అంటని చెప్పులు

సూరత్‌లో దళారీగా బేరమాడడంలో నన్ను మించినవాడు లేడని నాకు నేనే చెప్పుకుని తిరిగే రోజులవి. అక్కడి సలాబత్‌పురా పేటలో చిన్న గది తీసుకుని, మన తెలంగాణ నేత కుటుంబం పిల్ల ఒకతె చెప్పులు తయారుచేసేది. అడుగుకి పాత టైరు, పట్టీలకి మగ్గాల కాడ పారేసే అంచు ముక్కలు. గమ్ ముట్టేది కాదు, అంతా కుట్టే. జత కుట్టడం కాగానే ఒక చెప్పు దారం లాగి విప్పి చూసుకుని మళ్లీ కుట్టేది.

"అరిగినంక ఏ ముక్కకా ముక్క రావాలె అన్నా. మళ్ల పనికొస్తయి."

రింగ్ రోడ్ సేటు ఒకాయన నా ద్వారా పెద్ద ఆర్డరు పంపాడు. గమ్‌తో అంటించి తొందరగా ఇవ్వాలని ఒకటే షరతు. నా తెలివంతా పెట్టి ఆ పిల్లతో బేరానికి కూర్చున్నాను.

"పాతయితే పారేస్తరు చెల్లె. విప్పుకుంట ఎవడు కూసుంటడు?"

"నేను కూసుంటా."

ఆర్డరు పోయింది. కిరాయి కట్టలేక గదీ పోయింది.

మొన్న సూరత్ శివారు ఇచ్ఛాపూర్ బస్టాపులో కనిపించింది. చెప్పుల ఫ్యాక్టరీలో అడుగులు అంటించే పనట.

"మంచిగుందా?"

"జీతం టైముకొస్తుంది అన్నా," అని నవ్వింది. మాట్లాడినంతసేపూ వేళ్లమీద ఎండిన గమ్‌ని గోటితో గీకుతూనే ఉంది. బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. చెయ్యి దింపగానే మళ్లీ గీకడం మొదలుపెట్టింది.