అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి

నా చిన్నప్పుడు దోహాలో ఎటు చూసినా క్రేన్లే. ఆసియా క్రీడలు వస్తున్నాయని ఊరంతా తవ్విపెట్టారు. నిన్న స్కూలుకు వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. అల్ మన్సూరాలో మా ఫ్లాటు బాల్కనీలో అమ్మ బట్టలు ఆరేస్తే, తీసేటప్పుడు ఇసుక దులుపుకోవాల్సిందే. ఆ దుమ్ములో మా నాన్న వాటా కూడా ఉందని నాకు మహా గర్వం. నాన్న ఒక స్టేడియం పనిలో ఫోర్‌మన్. జగిత్యాల దగ్గరి పల్లెలో ఉండే మా నాయనమ్మ మాత్రం తన కొడుకు దుబాయ్‌లో ఆటల గ్రౌండు కడుతున్నాడని చెప్పుకునేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

మా పై అంతస్తులో లాయరు పెదనాన్న ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది రాజమండ్రి వైపు. నాన్న ‘అన్నా’ అని పిలిచాడు కాబట్టి నాకు పెదనాన్న, ఆయన భార్య పెద్దమ్మ. ఒక పెద్ద కంపెనీలో ఒప్పందాలు చూసే ఉద్యోగం ఆయనది. ఇంట్లోనూ లాయరే. ఒక్క సమోసా కోసం పిల్లలం కొట్టుకుంటే ఇద్దరి వాదనలూ ఓపిగ్గా విని, చివరికి కోర్టు ఫీజు కింద సగం ఆయనే తినేసేవారు. మా అమ్మకు ఆయనతో ఒకటే పేచీ. ఆయన మార్మన్ అనే శాఖ క్రైస్తవులు, టీ కాఫీలు ముట్టరు. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం అమ్మకు ప్రాణం మీదికొచ్చేది. వేడిపాలలో బెల్లం కలిపి ఇచ్చి సరిపెట్టుకునేది.

శుక్రవారం అందరికీ సెలవైనా అమ్మకు క్లినిక్‌లో నర్సు డ్యూటీ, నాన్నకు సైటు. స్టేడియం పని తొందర మీదుంది. అందుకని ఆ రోజు నన్ను పెద్దమ్మ చూసుకునేది. అదే రోజు వాళ్ళ ప్రార్థన, అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో. నన్ను తీసుకెళ్ళే ముందు పెదనాన్న మా అమ్మానాన్నలను కూర్చోబెట్టి, పిల్లకు మా మతం ఏమీ నేర్పం, వెనక కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది, మీకు ఇష్టం లేకపోతే పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది అని షరతులన్నీ వరసగా చెప్పారు. నాన్న నవ్వేశాడు. “దేవుడు యాడున్నా దేవుడే అన్నా. తోల్కపో” అన్నాడు.

వాళ్ళ సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. తమలోనే ఒకరికి కొన్నేళ్ళ పాటు ఆ బాధ్యత అప్పగిస్తారు. అప్పుడది పెదనాన్న మీద ఉంది. ఎవరికి జబ్బు చేసినా, కొత్తగా దిగినవాళ్ళకు వంటగిన్నెలు లేకపోయినా, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేసినా ఫోను ఆయనకే. ప్రార్థనలో ముందు వరసలో అందరికీ ఎదురుగా కూర్చునేవారు. ఆయన్ని అక్కడ ప్రెసిడెంట్ అంటారని తెలిసి నేను స్కూల్లో గొప్పలకు పోయాను. మరి ఇంటి ముందు పోలీసులేరీ అని ఒక పిల్ల అడిగేసరికి మాట మార్చేశాను.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళ నాన్న ఉన్నట్టుండి డ్యూటీకి వెళ్ళడం మానేశాడు. జ్వరమని అందరికీ చెప్పమన్నాడు. జ్వరం లేదు. పక్క గదిలో అమ్మతో అంటుంటే నేను విన్నాను. నాన్న చూసే భాగం పూర్తయిపోయింది. రెండు జట్లను కలిపేసి, నాన్న దగ్గరే పని నేర్చుకున్న కుర్రాణ్ణి ఫోర్‌మన్‌ను చేశారట. నాన్న ఇప్పుడు అతని చేతికింద పని చేయాలి. వచ్చే వారం శనివారంలోగా చేరతావో లేదో చెప్పమన్నారు. వాని కింద చేసే కన్నా ఊరికి పోవుడే నయమని నాన్న అన్నాడు. అమ్మ తన ఉద్యోగం సంగతి, నా చదువు సంగతి ఎత్తింది. ఇంటి గుట్టు పైవాళ్ళకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

ఆ శుక్రవారం నేను మామూలుగానే పెద్దమ్మతో వెళ్ళాను. ప్రార్థన మొదట్లో వేరే దేశం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి లేచి, పెదనాన్నను ఆ బాధ్యత నుంచి తప్పిస్తున్నామన్నాడు. ఆయన సేవకు కృతజ్ఞతగా చెయ్యెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. పెద్దమ్మ కూడా ఎత్తింది. నేను మాత్రం ఎత్తలేదు. ఏసీలు బాగుచేసే ఒక ఫిలిప్పీనో అన్నను ఇకనుంచి నాయకుణ్ణి చేస్తున్నామన్నాడు. మళ్ళీ చేతులు లేచాయి. తర్వాత ఆ పెద్దమనిషి మామూలుగా, ఎవరూ ఎత్తరనే ధైర్యంతో, “అభ్యంతరం ఉన్నవాళ్ళు అలాగే చెయ్యెత్తండి” అన్నాడు.

నేను ఎత్తాను.

హాలంతా నా వైపు తిరిగింది. పెద్దమ్మ నా చెయ్యి కిందికి లాగబోతే పెదనాన్న వద్దన్నట్టు తల ఊపారు. ఆయన కళ్ళల్లో కోపం లేదు. ప్రార్థన అయ్యాక నన్ను ఒక ఖాళీ గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చున్నారు, నేనేదో పెద్ద క్లయింటునైనట్టు.

“అభ్యంతరం చెప్పినవాళ్ళ మాట వినాలమ్మా, అది పద్ధతి. కారణం ఏంటో చెప్పు.”

నా ఒట్టు అక్కడే తీసి గట్టున పెట్టాను. “మా నాన్నను గూడ ఇట్లనే తీసేసిండ్రు. ఊరికి పోతమంటుండు. ఇంక మీరు గూడ పోతరు” అని ఏడ్చేశాను.

పెదనాన్న ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. జేబురుమాలు ఇచ్చి, తనెక్కడికీ పోవడం లేదని, వచ్చే శుక్రవారం నుంచి చంటిపిల్లల గదిలో తన డ్యూటీ అని మాత్రం చెప్పారు. మా నాన్న సంగతి విననట్టే ఊరుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

మరుసటి గురువారం మా ఇంటికొచ్చి బెల్లం పాలు తాగుతూ, సంఘంలో తన బాధ్యత ఏసీలు బాగుచేసే అతనికి ఇచ్చారని చెప్పి, తన కారు గ్యారేజీలో ఉందని, రేపు తమను, నన్నూ కాస్త అల్ ఘర్రాఫాకు దింపి మళ్ళీ తీసుకురావాలని నాన్నను అడిగారు. జ్వరం సాకు చెప్పాలంటే నాన్నకు మొహమాటం అడ్డొచ్చింది. సరేనన్నాడు.

శుక్రవారం నాన్న మమ్మల్ని తీసుకెళ్ళడానికి ముందే వచ్చేసి వరండాలో నిలబడ్డాడు. చంటిపిల్లల గది తలుపు తెరిచే ఉంది. లోపల కింద చాప మీద పెదనాన్న. నెత్తిన కాగితం కిరీటం, చొక్కా మీద బిస్కెట్ ముక్కలు, ఒళ్ళో ముక్కు కారుతున్న పిల్లాడు. ఇంతలో ఆ ఫిలిప్పీనో అన్న వచ్చి, సర్ అంటూ ఏదో అడగలేక అడగలేక నసిగాడు. పెదనాన్న కిరీటంతోనే లేచారు. నన్ను సర్ అనకు, కుర్చీలెక్కడ వేయాలో చెప్పు అని ఇంగ్లీషులో అని, అతను చూపించిన చోటికి ఒక్కొక్క కుర్చీ మోసుకుపోయారు. నాన్న కాసేపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి తనూ రెండు కుర్చీలు ఎత్తాడు.

వచ్చేటప్పుడు కారులో ఒక సిగ్నల్ దగ్గర నాన్న అడిగాడు. “నీకు సిగ్గనిపియ్యలేదా అన్నా?”

“వచ్చేటప్పుడు అనిపించింది తమ్ముడూ. కుర్చీలు సర్దుతుంటే మర్చిపోయాను” అన్నారు పెదనాన్న.

ఇంటికొచ్చాక బాల్కనీలోంచి చూస్తే, మా బిల్డింగు వెనక గోడ వారన పెదనాన్న కారు ముసుగు కప్పుకుని కనిపించింది. గ్యారేజీ లేదు, గాడిదగుడ్డూ లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఈ గుట్టు మాత్రం భద్రంగా దాచాను.

శనివారం నాన్న హెల్మెట్ తుడుచుకుని డ్యూటీకి వెళ్ళాడు. ఆ కుర్రాడు నాన్నను చూసి తల దించుకున్నాడట. యల్లా, నడువు తమ్మీ, పని చెప్పు అని తనే అన్నానని సాయంత్రం అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నాన్న మారు వడ్డించుకుని తిన్నాడు.

స్టేడియంలో మొదటిసారి దీపాలు వెలిగిన రోజు మమ్మల్ని చూపించడానికి తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడు ఎదురొస్తే, నాన్న నాతో “మా ఫోర్‌మన్. నమస్తే పెట్టు” అన్నాడు. అతను నా చేతులు పట్టుకుని ఆపి, పని నేర్పింది మీ నాయనే బిడ్డా అన్నాడు. నాన్న దీపాల వైపు తిరిగాడు.

ఇన్నేళ్ళకు ఆ వంతు నాకూ వచ్చింది. కొన్నేళ్ళుగా హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న స్కూల్లో, నా దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్న అమ్మాయిని నా కుర్చీలో కూర్చోబెడతామన్నారు. గుచ్చుకోలేదంటే అబద్ధం. రెండు రాత్రులు నిద్ర లేదు. మీటింగులో ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినప్పుడు నా చెయ్యి ఒళ్ళోనే ఉంది, దాని బరువు మాత్రం నాకు తెలుసు. మర్నాడు ఆ అమ్మాయి నన్ను చూసి మేడం అంటూ లేచింది. కూర్చోమని, నాకు ఏ తరగతి ఇస్తావో చెప్పమన్నాను. ఒకటో తరగతి అంది భయపడుతూ.

వెళ్ళి చాప మీద కూర్చున్నాను. గంట తిరక్కుండానే ఎవరో పిల్ల రంగు కాగితం చుట్టి నా నెత్తిన పెట్టింది. ఇంటికి పోయేదాకా తీయలేదు.