నాలుగు మూరల తాడు

ఎదురుగా మనిషి వస్తుంటే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోవడమే మర్యాద అనిపించుకున్న రోజులవి. లాక్‌డౌన్‌లో నేను మధురానగర్‌లో ఒక మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. పంజాగుట్టలో ఉద్యోగంలో చేరి ఏడాదైనా తిరగకముందే ఆఫీసు వచ్చి నా మంచం మీద కూర్చుంది. రోజంతా లాప్‌టాప్‌తో తప్ప ఎదురుగా మనిషితో మాట్లాడే యోగం లేదు. కింద ఉండే ఓనర్ ఆంటీది మరో కష్టం. ఆవిడకు షుగర్. నడవకపోతే కుదరదన్నాడు డాక్టరు, గేటు దాటితే కుదరదన్నాడు కొడుకు. చివరికి సడలింపు ఇచ్చిన పొద్దుటి గంటల్లో నన్ను తోడిచ్చి పంపడానికి ఒప్పుకున్నాడు. మాస్కు దిగకూడదు, ఎవరి దగ్గరికీ పోకూడదు, ఒక్కసారి తప్పితే నడక బంద్. ఇవీ షరతులు.

ఆరడుగులంటే ఎంతో మా ఇద్దరికీ అంచనా లేదు. పూలు కొలిచినట్టు మోచేత్తో నాలుగు మూరలు కొలిచి, బట్టలారేసే తాడు ముక్క కోసింది ఆంటీ. ఆ కొస ఆవిడ, ఈ కొస నేను. (చూసేవాళ్లకు ఎవరు ఎవర్ని తోలుకెళ్తున్నారో అర్థమయ్యేది కాదు.) నడక కంటే నాకు ఈ కాపలా ఉద్యోగమే బాగా నచ్చింది. ఎందుకంటే ఆంటీకి షుగర్ కంటే ముదిరిన జబ్బు ఇంకోటి ఉంది, మర్యాద. చర్చివాళ్లు ఎవరు కనిపించినా మాస్కు గడ్డం కిందికి లాగి "వందనాలమ్మా" అనేది. మాటలయ్యాక మళ్లీ భద్రంగా పైకి లాక్కునేది. మాట్లాడనప్పుడు మాస్కెందుకని నేను విసుక్కుంటే, "మూతి కట్టుకొని మాట్లాడితే గౌరవం ఉంటదా బిడ్డా?" అనేది. నేను తాడు గుంజి, వైరస్‌కు గౌరవాలు తెలియవని ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

ఒకరోజు మలుపు దగ్గర ఒక పెద్దమనిషి చేతులూపుకుంటూ ఎదురొచ్చాడు. మాస్కు పైనున్న నుదురును బట్టి పోల్చుకున్నాను, మా మేనేజరు. శ్రీనగర్ కాలనీ నుంచి అంతదూరం నడిచొచ్చారు. ఆ నెలల్లో ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో తేల్చేది ఆయనే. చేతిలో తాడు ఎప్పుడు జారిందో తెలియదు. నాలుగంగల్లో ఆయన ముందు నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి, "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. ఆయన హడలిపోయి వెనక్కి వెనక్కి నడిచి, ఆగి ఉన్న స్కూటరుకు తగులుకున్నారు. నేనెవరో తెలిశాక పాపం తనూ మాస్కు దించి, వాకింగా అని అడిగారు (మర్యాద మరి). ఇంతలో తాడు ఈడ్చుకుంటూ ఆంటీ వచ్చి, తనదీ దించి, "వందనాలు సార్" అంది. ముగ్గురం గడ్డాల కింద మాస్కులతో అలా నవ్వుకుంటుండగా, పాల పాకెట్లకు బయల్దేరిన ఆంటీ కొడుకు మమ్మల్ని చూశాడు.

గేటు దగ్గర కొడుకు చెప్పింది ఒకే మాట, రేపటి నుంచి బంద్. మళ్లీ ఆ నాలుగు గోడలు, ఆ లాప్‌టాప్ అనుకుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆంటీ మాత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దసారు ఎదురైతే మూతి కట్టుకొని మాట్లాడుతదారా? మర్యాద తెల్సిన పిల్ల."

ఇన్నాళ్లూ నేను వెక్కిరించిన మాటే నన్ను వెనకేసుకొచ్చింది. కొడుకు నవ్వాపుకోలేక శిక్ష తగ్గించి, టెర్రస్ మీద నడవమన్నాడు. ఆ పూట నుంచి నీళ్ల ట్యాంకు చుట్టూ అదే తాడు పట్టుకుని తిరిగాం. ఉపన్యాసాలు మాత్రం మానేశాను.

ఉద్యోగం నిలిచింది, గది మారింది. వీలైన ఆదివారాల్లో ఇప్పటికీ ఆంటీ దగ్గరికి వెళ్తాను. ఆవిడకు చూపు తగ్గింది. గేటు దాటగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాలుగు మూరలు ఏడ పోయినయ్ బిడ్డా?" అని నవ్వుతుంది. తాడు కొస పట్టుకుని పెత్తనం చేసిన ఆ పిల్ల ఎదురైతే, ఈ చెయ్యి పట్టుకుని నడిచే రోజు వస్తుందిలే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. ముందు మాస్కు పైకి పెట్టుకోమనేది.