మూడో దయ్యం కోసం ఆగని మాస్టరు

కటింగు మాస్టరుకు ముక్కు మీద కోపం. వెనకాల అందరూ ఆయన్ని చిటపట మాస్టరు అంటారు. కత్తెర పట్టిన నలభై ఏళ్లలో ఒక్క గుడ్డముక్క పాడు చేయలేదని తన డప్పు తనే కొట్టుకునేవాడు. ఆరేళ్ల క్రితం ఆయన కూతురు ఒక కోటుకు రెండూ కుడిచేతులే కత్తిరించింది. రెండో చెయ్యి కత్తిరించేటప్పుడు గుడ్డ తిరగేయడం మరిచిపోతే జరిగే పొరపాటు అది. మాస్టరు పదిమంది ముందు ఆమెను కడిగి పారేశాడు. ఆమె వెళ్లి, రెండు వీధుల అవతల సొంత దుకాణం పెట్టుకుంది. అప్పటినుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు.

అది పండుగ ముందురోజు. మధ్యాహ్నం పనివాళ్లంతా భోజనాలకు వెళ్లారు. మాస్టరు తలెత్తేసరికి, ఏనాడో పోయిన ఆయన గురువు ఇస్త్రీ బల్ల మీద కాళ్లు ఊపుతూ కూర్చుని ఉన్నాడు. చచ్చినా చాదస్తం పోలేదు, చొక్కాల కాజాలు తిరగేసి మరీ చూస్తున్నాడు.

"మొదటి ఏడాది నువ్వు రెండూ ఎడమచేతులే కత్తిరించావు, గుర్తుందా? నేనెవరికైనా చెప్పానా?" అన్నాడు.

గుర్తు లేకేం? ఆ రోజు గురువు తలుపు వేసి, కొత్త గుడ్డ పరిచి, పక్కన కూర్చుని మళ్లీ నేర్పాడు. మాస్టరు ఆ సంగతి ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నాడు. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

గురువు మాయమవుతూనే భార్య వచ్చింది. బతికుండగా ఆమె ఏనాడూ గొంతు పెంచలేదు, ఇప్పుడూ పెంచలేదు.

"నేను పోయి ఎనిమిదేళ్లయింది. మిమ్మల్ని చూడాలంటే ఇలా దయ్యాన్నై రావాలి. మన పిల్ల బతికే ఉందండీ."

ఇలాంటి కథల్లో దయ్యాలు మూడు రావాలట. మాస్టరు మూడోదాని కోసం ఆగలేదు. మెడలో టేపు తీయకుండా, కాళ్లకు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

కూతురి దుకాణంలో ఎనిమిది మిషన్లు గడగడమంటున్నాయి. కుట్టాల్సిన పండుగ బట్టలు ఇంకా గుట్టలుగా ఉన్నాయి. ఆయన్ని చూసి మిషన్లన్నీ ఆగిపోయాయి. మాస్టరు తన పాత తప్పును అందరూ వినేలా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు, ఏడ్చాక ప్రాణం తేలికపడింది.

"గుండీలు కుట్టడానికి మనిషి కావాలా అమ్మా?" అని అడిగాడు.

కూతురు పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది.

"కావాలి నాన్నా. కానీ ఇక్కడ నేను చెప్పినట్టు కుట్టాలి."

"అలాగే మాస్టరుగారూ," అన్నాడాయన. అని, రాజ్యం గెలిచినవాడిలా వెళ్లి చివరి స్టూలు మీద కూర్చున్నాడు.