బాపు ఒడిలో ఒడిబియ్యం

ఈసారి నేను చెప్పబోయేది కోట గురించో జలపాతం గురించో కాదు. నిజామాబాద్, బోధన్ వైపు వెళ్ళాలనుకునేవారికి దారి, ఖర్చు, టిఫిన్ సంగతులు ఎప్పటిలాగే చెబుతాను. కానీ మేం బయలుదేరింది మాత్రం ఒక స్టీలు డబ్బా వల్ల. నిరుడు శ్రావణంలో అమ్మకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోశారు. మా వైపు ఆడపిల్లను కొన్నేళ్ళకోసారి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు అనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు చీరకొంగులో పోసి పంపుతారు. ఆ బియ్యాన్ని ఆమె తన ఇంట్లో తన చేత్తో వండి అయినవాళ్ళకు వడ్డించాలి. అమ్మ వండలేకపోయింది. ఆ వారంలోనే ఆసుపత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు.

సంవత్సరీకం అయ్యాక వంటగది సర్దుతుంటే ఆ డబ్బా బయటపడింది. మూత తీస్తే పసుపు పుణ్యమా అని ఒక్క పురుగు లేదు. "వండెయ్యనా బాపూ?" అని నాన్నను అడిగాను. ఆయన డబ్బా నా చేతుల్లోంచి తీసుకుని తన మంచం పక్కన పెట్టుకున్నాడు. రెండు రోజులు దాన్ని అక్కణ్ణుంచి కదిలించనివ్వలేదు. తర్వాత ఒక పొద్దున టీ తాగుతూ, "ఆమె తల్లిగారింటికి తీస్కపోదాం. వాళ్ళిచ్చింది వాళ్ళకే ఇచ్చొస్త" అన్నాడు. బాపు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. నేను టికెట్లు తీశాను.

కాచిగూడ నుంచి నిజామాబాద్‌కు పొద్దున రైలుంది, మూడు గంటల పైమాటే పడుతుంది. కూర్చునే సీటుకు మనిషికి వంద, ఆ పైన కొంచెం అవుతుంది. దారి పొడుగునా బాపు డబ్బా సంచిని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. పైన పెడదామన్నా, సీటు కింద పెడదామన్నా వినలేదు. అది అమ్మ అలవాటు. పుట్టింటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ మూటను ఇల్లు చేరేదాకా దించేది కాదు. "ఒడిల పోసింది ఒడిలనే ఉండాలె" అనేది. అప్పుడు బాపు ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు ఆయన చేతులు రెండూ ఆ సంచి మీదే ఉన్నాయి.

స్టేషన్ బయట పూరీ తిని ఆటో ఎక్కి కంఠేశ్వర్ గుడికి వెళ్ళాం. గుడికి వెళ్ళకుండా అమ్మ ఎన్నడూ పుట్టింటి దారి పట్టలేదు, మేమూ పట్టలేదు. డ్రైవరు సంచి వైపు చూసి, "ఎనక పెట్టున్రి చాచా, ఫికర్ లేదు. ఏముంది అండ్ల గంత భద్రంగ?" అన్నాడు.

"మా ఇంటామె సామాను" అన్నాడు బాపు. డ్రైవరు దర్శనం అయ్యేదాకా ఆగి, అక్కణ్ణుంచి బస్టాండు దాకా గుంతలు చూసి మెల్లగా నడిపాడు.

బోధన్ బస్సులు తరచుగానే ఉంటాయి, గంటలోపు దించుతాయి. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్ళకు జీరో టికెట్, బాపుకు యాభై రూపాయల లోపే. ఊరు దాటగానే వరి, మధ్యలో పసుపు మడులు, అక్కడక్కడా చెరకు. ఒకప్పుడు ఈ దారంతా చెరకు బండ్లేనట. అమ్మ చిన్నప్పుడు ఎద్దుల బండి వెనకాల పరుగెత్తి గడలు లాగేది, దొరికితే తిట్లు తినేది, దొరక్కపోతే పంచిపెట్టేది. కొంచెం పెద్దయ్యాక వాకిట్లో స్నేహితురాళ్ళతో కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టింది. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక చుట్టడం మానేసింది కానీ ఆ వేళ్ళ వేగం పోలేదు. ఏ పొట్లానికి దారం చుట్టినా చివర బీడీ ముడే పడేది. నా పెళ్ళికి పంచిన పసుపు పొట్లాలన్నిటికీ అదే ముడి.

బోధన్ నుంచి వర్ని దారిలో షేర్ ఆటో ఎక్కాం. ఊరి పేరు రాయను, మా మేనమామకు ఇలాంటివి నచ్చవు. వాకిట్లోకి వెళ్ళేసరికి మేనమామ భార్య, మా అత్తమ్మ, నీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. బాపు సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచాడు. ఆమె గడప లోపలే ఆగిపోయింది.

"అయ్యో అన్నా! ఒడిబియ్యం ఎవలన్న మర్లి తెత్తరా? ఆడివిల్లకు పోసింది మల్ల ఈ గడప ఎక్కద్దు."

గడప మీద పెట్టబోయిన కాలు బాపు వెనక్కి తీసుకున్నాడు. "నాకు తెల్వది చెల్లె. గివన్ని ఆమెనే సూసుకుంటుండె" అన్నాడు. వండలేక, పారెయ్యలేక ఇంత దూరం మోసుకొస్తే, దించే చోటు ఇక్కడ కూడా లేదు. ఎండలో డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

అరుగు మీద కూర్చున్న అవ్వ, అంటే మా అమ్మను కన్నతల్లి, తల తిప్పింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. "ఎవలు మోసుకొచ్చిండ్రు బిడ్డా?" అని నన్నడిగింది.

"బాపే అవ్వా. రైల్ల, బస్సుల, ఆటోల ఒళ్ళెనే పెట్టుకున్నడు. యాడ కింద పెట్టలే."

అవ్వ ఆనని చూపుతోనే బాపు నిలబడ్డ వైపు తిరిగింది. తర్వాత, "అట్లయితె ఇది మర్లి రాలే. నా బిడ్డ ఒళ్ళకెళ్ళి ఆయన ఒళ్ళెకు పోయింది. ఎవలి ఒళ్ళె ఉంటె వాళ్ళే వండాలె, వాళ్ళే పెట్టాలె. గడప ఎక్కుడు ఎందుకు, వాకిట్లనే పొయ్యి వెట్టున్రి" అంది.

"నాకు వండస్తదా అత్తా?"

"నా బిడ్డ సుత కడుపుల నేర్సుకొని పుట్టలే. వండు కొడుకా."

జీవితంలో టీ కూడా కాచుకోని మనిషి మూడు రాళ్ళ మధ్య కట్టెలు పేర్చాడు. అత్తమ్మ గడపలోంచే కుండ, పప్పు, బెల్లం అందించింది కానీ గరిట ముట్టలేదు. నన్నూ ముట్టనివ్వలేదు. పొగకు దగ్గుతూ, నీళ్ళు ఎక్కువ పోసి, మంట తగ్గించడం తెలియక బాపు అడుగు మాడ్చాడు. ఆ వాసనకే వచ్చారన్నట్టు అమ్మతో బీడీలు చుట్టిన ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి వచ్చారు. వాళ్ళలో రాజవ్వ కుండలోకి తొంగి చూసి, అమ్మను పేరుతో తలుచుకుంటూ, "మా సుగుణ గిట్లనే మాడవెట్టేది. పాట అందుకుంటె పొయ్యి యాది ఉండకపోవు" అంది.

వాకిలంతా నవ్వింది. బాపూ నవ్వాడు. ఏడాదిలో ఆ నవ్వు వినడం నాకదే మొదలు. నవ్వుతూనే తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు, పొగ అని సాకు చెప్పలేదు.

మొదటి విస్తరి అమ్మ పేర పక్కన పెట్టి, తర్వాత అవ్వతో మొదలుపెట్టి అందరికీ ఆయనే వంగి వంగి వడ్డించాడు. "ఇంకొంచెం పెట్టనా?" అని అడుగుతుంటే అది అచ్చంగా అమ్మ అడిగే తీరు. చివర్న నేను ఆయనకు పెట్టాను. ఒక ముద్ద నమిలి, "పప్పుల ఉప్పు మర్సిన" అన్నాడు. అప్పటిదాకా అందరూ ఆ మాట అనకుండానే తిన్నారు, నాతో సహా. అవ్వ విస్తరి అప్పటికే ఖాళీ.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. బియ్యం అప్పజెప్పి రావాలని వెళ్ళిన మనిషి, అమ్మ చెయ్యాల్సిన పని ఒకటి చేసి వస్తున్నాడు. దుఃఖం తగ్గిందని అనను. రేపు ఇంట్లో ఆ వంటగది అలాగే ఉంటుంది. కానీ బస్సు కదలగానే బాపు లేచి ఖాళీ డబ్బాను తనే పైన సామాన్ల అరలో పెట్టాడు. కూర్చున్నాక కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. నేను ఒక చెయ్యి తీసుకుని పట్టుకున్నాను, నిజామాబాద్ వచ్చేదాకా అలాగే నిద్రపోయాడు.

ఇక ఈ ప్రయాణం నుంచి మీకు పనికొచ్చే సలహా ఒక్కటే. మీ ఇంట్లో అమ్మ ఒడిబియ్యం డబ్బాలో ఉంటే, పసుపు ఉంది కదా చెడిపోవులే అని ఊరుకోకండి. ఈ వారమే ఆమె చేత వండించుకుని, మాడినా సరే, ఆమె పక్కన కూర్చుని తినండి.