తెల్ల మానిటర్లు ముందు వరుసకి

మా కంప్యూటర్ సార్ పోయారు. నాకు ఆ సంగతి ఖమ్మంలో, స్టాఫ్ రూములో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుండగా తెలిసింది. బూర్గంపాడు దగ్గర నేను ఒకప్పుడు పనిచేసిన బాలికల ఆశ్రమ పాఠశాల నుంచి ఆయమ్మ ఫోన్ చేసింది. "మేడమ్, మన కంప్యూటర్ సార్ పోయిండు. పొద్దున ఛాతిల నొప్పి అన్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. మీకు చెప్పాలె గదా అని చేసిన" అంది. దాచుకోవడం ఎందుకు, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నేను చేసిన పని తెలిసిన మనిషి ఇక లేడన్న తేలిక. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసి, పెన్ను మూసి పక్కన పెట్టాను.

ఆయన ఖమ్మంలో ఏదో కాలేజీ ల్యాబులో పనిచేసి, కాంట్రాక్టు మీద మా బడికి వచ్చారు. నేను సైన్సు చెప్పేదాన్ని. కంప్యూటర్ గది ఇన్‌చార్జి అన్న పేరు కూడా నాకే తగిలించారు. మా దగ్గరున్నవి ఒక ఫ్యాక్టరీ వాళ్లు పాతవయ్యాయని ఇచ్చేసిన ఎనిమిది కంప్యూటర్లు. ఏ రెండు మానిటర్లూ ఒక్క తీరుగా ఉండేవి కావు. కంప్యూటర్లను నడిపే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత బడికి లేదు కనుక, ఎవరైనా ఉచితంగా వాడుకుని తమకు కావలసినట్టు మార్చుకోగలిగే లినక్స్ వాటిలో ఎక్కించారు సార్.

దాంతో ఒక చిక్కుండేది. మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ గీసే వేగాన్ని తట్టుకుంటుందో ఆ అంకెలు మనమే సీపీయూలోని ఒక ఫైల్లో రాయాలి. అంకె తప్పితే బొమ్మ రాదు, తెర నల్లగా ఉండిపోతుంది. అది చూస్తే మా పిల్లలు వణికిపోయేవారు. పినపాక అవతల అడవి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. పలక పగిలితేనే తిట్లు తినేవాళ్లు, ఇక కంప్యూటరంటే చెప్పాలా! "నేనేం చెయ్యలే సార్" అని ఏడుపు మొహం పెట్టి, మళ్లీ ఆ గది వైపు వచ్చేవారు కాదు.

"కొత్త పిల్ల తప్పు చేస్తది మేడమ్. తప్పు చేసిన పిల్లను మిషన్ బెదిరించొద్దు" అనేవారాయన. అందుకోసమే ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. తెర నల్లబడితే కీబోర్డు మీద పొడుగాటి బటన్ నొక్కాలి. కంప్యూటర్ కుయ్‌మని ఒక కూత కూసి, ఆ అంకెల్లో ఒక అమరిక పెట్టి చూస్తుంది. బొమ్మ వస్తే మళ్లీ నొక్కాలి, అదే ఖాయం. రాకపోతే ఊరికే కూర్చోవాలి. పది సెకన్లాగి మరో కూత, మరో అమరిక. కళ్లకు ఏమీ కనపడనప్పుడు చెవులకైనా ధైర్యం చెప్పాలి కదా అనేవారు. బొమ్మ వచ్చాక పెద్ద తెలుగు అక్షరాల్లో ఒకటే ప్రశ్న కనపడేది, "బొమ్మ మంచిగున్నదా?" అని. మొదట "తెర స్పష్టత సరిపోయినదా?" అని రాశారు. పిల్లలు బిక్కమొహం వేయడంతో అదే రోజు కొట్టేశారు.

ఆయన పనిచేసే తీరు నాకు వింతగా ఉండేది. ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ, దాన్ని ఎప్పుడూ ముట్టుకోని పిల్లను వెతికి తెచ్చి కూర్చోబెట్టేవారు. తను వెనక బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. లేకపోతే చూపించాలన్న ఆత్రంతో చెయ్యి ముందుకెళ్తుందట. పిల్ల ఎక్కడ ఆగిపోతే అక్కడ నోటుబుక్కులో ఒక గీత పెట్టుకునేవారు. "సార్, ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఇంత తిప్పలెందుకు?" అని నేను నవ్వేదాన్ని.

"చెప్పుడు ఎంతసేపు మేడమ్? పిల్ల ఆగిన కాడ నా తప్పుంటది. అది దొరకాలె" అనేవారు. పిల్లలు ఆగిపోతే వాళ్లకే మొట్టికాయ వేసి ముందుకు తోసే అలవాటు నాది. ఆ మాట నాకు నచ్చేది కాదు.

ఎక్కడో దూరాన ఇలాంటి ప్రోగ్రాంలు ఉచితంగా రాసేవాళ్ల బృందానికి కూడా ఆయన దాన్ని పంపారు. కొత్తవాళ్లు ముందు మాన్యువల్ చదువుకుంటే ఇలాంటివేవీ అక్కర్లేదని ఒకాయన జవాబిచ్చాడు. "మాన్యువల్ చదివి సమజ్ చేసుకున్నోడు ఇంక కొత్తోడెట్లయితడు మేడమ్?" అని సార్ నవ్వారు గానీ, ఆ రోజు టీ కూడా తాగకుండానే వెళ్లిపోయారు.

ఇక చెప్పక తప్పనిది చెప్తాను. ఒకరోజు మధ్యాహ్నం, మర్నాడే తనిఖీ అని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. సార్ కేబుల్ కోసం ఖమ్మం వెళ్లి ఉన్నారు. తనిఖీ అంటే మా బళ్లలో ఒక ఆనవాయితీ. యూనిఫాం కొత్తగా ఉన్న పిల్లలు ముందు బెంచీల్లోకి, చిరుగులున్న పిల్లలు వెనక్కి. పిల్లలను అలా సర్ది, అదే ఊపులో కంప్యూటర్లనూ సర్దాను. పాతబడి పసుపు రంగుకు తిరిగిన మానిటర్లు వెనక వరుసకి, తెల్లగా ఉన్నవి ముందు వరుసకి మార్పించాను. సీపీయూలను మాత్రం కదపలేదు. ఆ తెల్లవి తక్కువ వేగం తట్టుకునే చిన్న మానిటర్లనీ, వాటి అంకెలు వెనక వరుస సీపీయూల్లో ఉండిపోయాయనీ నాకు తట్టనే లేదు.

మర్నాడు సార్ బస్సు దిగకముందే ఆఫీసరు గారి జీపు వచ్చేసింది. స్విచ్ వేస్తే ముందు వరుస నాలుగు తెరలూ నల్లగా ఉన్నాయి. నేను గబగబా తీగలు సరిచూడబోయాను. మొదటి కంప్యూటర్ ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం బెదరలేదు. పొడుగు బటన్ నొక్కింది. కూత వినపడింది. బొమ్మ రాలేదు. పిల్ల ఒళ్లో చేతులు పెట్టుకుని నింపాదిగా ఆగింది. మరో కూత. రెండేళ్లు సార్ పడ్డ తిప్పలన్నీ ఆ పిల్ల అలా భయపడకుండా కూర్చోవడం కోసమే. ఆ గదిలోని పెద్దవాళ్లలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఏందమ్మా ఈ మోత? ఖరాబైనవి పెట్టి చూపిస్తున్నరా? బంద్ చెయ్యండి" అన్నారు ఆఫీసరు.

నేను మెయిన్ స్విచ్ వైపు నడిచాను.

"మేడమ్, మేడమ్, ఇంకో రెండు కూతలకు వస్తది" అంది పిల్ల.

స్విచ్ ఆపేశాను. అప్పుడే సార్ చేతిలో కేబుల్ సంచితో గుమ్మంలోకి వచ్చారు. మానిటర్ల వరుస చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆయనకు అంతా అర్థమైంది.

ఈ సిస్టమ్ పిల్లలకు పనికిరాదని సాయంత్రానికి రిపోర్టు తయారైంది. టీచర్లందరి సంతకాలూ అయ్యాయి, ఇన్‌చార్జిగా నాది మిగిలింది. సార్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. "మేడమ్, మానిటర్లు జరిపినమని ఒక్క ముక్క రాయండి. నన్ను తీసేస్తే తీసేయనీ. పిల్లలు నేర్చుకునేది ఆగొద్దు." ఖమ్మం బదిలీ కోసం నేను పెట్టుకున్న కాగితం ఆ ఆఫీసరు బల్ల మీదే ఉంది. ఆ ఒక్క ముక్కా రాయలేదు. సంతకం పెట్టాను.

ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. కంప్యూటర్లు స్టోర్ రూములో పడ్డాయి. తర్వాత కొత్తవి వచ్చాయి గానీ, పిల్లలు పాడుచేస్తారని ఆ గదికి తాళం వేశారు. నాకు బదిలీ వచ్చింది. ఆయన భద్రాచలంలో చిన్న రిపేరు షాపు పెట్టుకున్నారని విన్నాను. దర్శనానికి వెళ్లినప్పుడల్లా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. దేవుడికి మొక్కడానికి అంత చుట్టు తిరిగిన భక్తురాలు ఇంకెవరూ ఉండరు. ఈ మధ్య మా ఖమ్మం బడికి లినక్స్ కొత్త డిస్కు వచ్చింది. పెట్టగానే ఏ అంకెలూ అడగకుండా తెర తనంతట తనే కుదురుకుంది. "ఎంత సులువో చూశారా మేడమ్!" అని కుర్ర టీచరు మురిసిపోయింది. సార్ రాసింది అందులో ఒక్క వరుసైనా ఉండి ఉండదు.

పదకొండో రోజున భద్రాచలం వెళ్లాను. వాళ్లావిడ నాలుగు తిట్లు తిడితే పడదామనే వెళ్లాను. పేరు చెప్పగానే ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరేనా సైన్సు మేడమ్? అందరు సంతకాలు పెట్టినా మీరొక్కరే పెట్టలేదట గదా. ఆ బడిల నా దిక్కు ఒక్క మనిషన్న నిలబడ్డదని ఎన్నిసార్లు చెప్పెటోడో" అంది.

నా మీద దయతో ఆయన అలా చెప్పారనుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ దయ కాదు. తనకోసం ఒక్కరూ నోరు విప్పలేదని ఇంట్లో చెప్పుకోలేక, తనవైపు నిలబడ్డ మనిషిని ఒకరిని కల్పించుకున్నారు. ఆ మనిషికి నా పేరు పెట్టుకున్నారు.

నిజం నాలుక దాకా వచ్చింది. మింగేశాను. ఆమె లోపలికి వెళ్లి షాపులో ఆయన కూర్చునే కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, నా ముందు వేసింది. "కూసోండి మేడమ్" అంది. వచ్చిన ఆడవాళ్లంతా కింద చాప మీద కూర్చుని ఉన్నారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.