సోసిమో సెలవు పెడితేనే పేలే నక్షత్రం

వికూన్య ఊరి పైనున్న కొండమీద, దుర్భిణీ దగ్గర పనిచేసేవాళ్లందరికీ ఒక నమ్మకం: డాన్ సోసిమో, అంటే సోసిమోగారు, డ్యూటీలో ఉంటే వాళ్లు కనిపెట్టి చూసే నక్షత్రం పేలదు.

ఊరికే పుట్టిన నమ్మకం కాదు లెండి. ఆ నక్షత్రం మహా తిండిపోతు. పక్క నక్షత్రం వాయువంతా లాక్కుని మింగుతుంది. ఇరవై ఏళ్లకోసారి భళ్లున పేలి వెలుగుతుంది. సిగ్గులేకుండా మళ్లీ మింగడం మొదలెడుతుంది. మొదటిసారి పేలినప్పుడు సోసిమో తన పెళ్లిలో ఉన్నాడు. రెండోసారి ఆస్పత్రిలో అపెండిక్స్ కోయించుకుంటున్నాడు. పరారుణ యంత్రం చల్లగా ఉండాలని ద్రవ నత్రజని పోసేది ఏళ్లతరబడి ఆయనే. నక్షత్రకాంతి అందులో వర్ణపటం గీతలుగా విచ్చుకుంటే చూసేది మాత్రం ఇంకెవరో! ఈ నెలాఖరుకి రిటైర్మెంటు. ఒక్కసారి కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక.

ఇవాళో రేపో పేలేలా ఉందని తేలాక, అక్కడ పరిశోధన నడిపే డాక్టర్ మకరేనా ఆయన దగ్గరికొచ్చింది. జాతకాలంటే పకపకా నవ్వే మనిషి, చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"డాన్ సోసిమో, మీ చెల్లెల్ని చూసి ఎన్నాళ్లయింది?"

"నిన్ననే ఎంపనాడాలు వండి తెచ్చిచ్చి వెళ్లింది."

"ఇంకోసారి చూసి రండి."

"చోద్యం కాకపోతే, మీరు కూడానా డాక్టరమ్మా!"

"నేను నమ్మను. కానీ ఎందుకొచ్చిన గొడవ?"

ఆయనకి ఒళ్లు మండింది. అయినా బస్సెక్కాడు. కొండ దిగి గేటు చేరేసరికి, సందెవెలుగు ఇంకా పోకముందే, కాపలావాడి రేడియోలో ఒకటే కేకలు: "పేలింది!"

సోసిమో మైకు లాక్కున్నాడు. "వస్తున్నా!"

"అయ్యో, వద్దు! గీతలు తీసేదాకా అక్కడే ఉండండి, మీకు పుణ్యముంటుంది!" అంది మకరేనా.

సోసిమో మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "అలాగే. మళ్లీ ఇరవై ఏళ్లకి కదా పేలేది. అప్పుడు నాతో మీకు ఇబ్బందే ఉండదు. మట్టిలో శాశ్వతంగా సెలవులోనే ఉంటాను."

మకరేనా అంది: "జీపు పంపుతున్నా. నక్షత్రం ఆరితే ఆరనీ, రండి."

తీరా దుర్భిణీ గది తలుపు దాకా వచ్చాక భయం సోసిమోకే పట్టుకుంది. నక్షత్రం గుర్తుపట్టకుండా తెరలవైపు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గదిలోకొచ్చాడు. ఎవరూ నవ్వలేదు. పైగా ఒకరు లేచి కుర్చీ అడ్డు తీశారు.

"ఇక తిరగండి. దానికి మీ మొహం కూడా చూపించండి," అంది మకరేనా.

ఆయన తిరిగాడు. ఒక తెరమీద హైడ్రోజన్ గీత ఉబ్బి ఎర్రగా మెరుస్తోంది. పక్క తెరమీద, తను చల్లబరిచిన యంత్రం తీసిన పరారుణ గీతలు. ఏదీ ఆరిపోలేదు.

"నువ్వేనటే, ఇన్నాళ్లూ నన్ను ఏడిపించింది!" అని ఆ ముసలాయన భోరుమన్నాడు.