కారు తలుపూ అప్పడాల కర్రా

ప్యాకెట్ అప్పడం మీద నాకో ఫిర్యాదుంది. నూనెలో వేస్తే పొంగదు, ఆలోచిస్తుంది. నమిలితే ఎవరిదో విజిటింగ్ కార్డు నమిలినట్టుంటుంది. ఊరూరికీ అప్పడాలు పంపే బరంపురంలో, అదీ అప్పడాలు ఒత్తే మనిషి ఉన్న ఇంట్లో, కత్తెరతో ప్యాకెట్ తెరవడం ఏమంత గౌరవంగా లేదు. మా ఆవిడతో ఆ మాటే అన్నాను.

"ఎండ నేదండి, ఏటి సెయ్యమంటారు?" అంది. వానాకాలం కాబట్టి నమ్మాను.

మా ఆవిడకి చాలా ఏళ్ళుగా కీళ్ళవాతం. పొద్దున్న వేళ్ళు మాట వినవు. అవి వినేలోగా కాఫీ నేనే పెడతాను. అది తాగాక ఆవిడకి జబ్బు నయం చేసుకోవాలన్న పట్టుదల పెరుగుతుంది. అంత నొప్పిలోనూ మధ్యాహ్నం వసారాలో నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని అప్పడాలు ఒత్తేది. అక్కడ అప్పడాలకన్నా వీధి కబుర్లు పల్చగా సాగేవి. రాన్రానూ చేతులు మొరాయించి ఒత్తే అప్పడాలు తగ్గాయి. ఎలాగైనా మునుపటిలా అప్పడాల పీట ముందు కూర్చోవాలన్నదే ఆవిడ ఆశ.

అందుకే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో కొత్త మందు పరీక్ష పెడుతున్నారంటే చేరింది. పాత మందులు మానక్కర్లేదు, వాటితోపాటు ఇంకో బిళ్ళ. అది అసలు మందో, అలాగే కనిపించే ఉత్త బిళ్ళో ఇచ్చే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే చూసే కన్ను మారిపోతుందట.

"ఇచ్చినోళ్ళకి తెలీదు, మింగినోళ్ళకి తెలీదు. పోనీ ఆ బిళ్ళకైనా తెల్సా?" అంది మా ఆవిడ సంతకం పెడుతూ. అక్కడ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నెలనెలా వెళ్ళి అచ్చు కాగితంలోని ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. అడిగే అమ్మాయి భంజనగర్ నుంచి వచ్చిన ఒరియా పిల్ల. "మావుసీ" అని, పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ చేయి పట్టుకుని కూర్చోబెడుతుంది. అంత మంచి పిల్లకి నొప్పిగా ఉందని చెప్పడం మా ఆవిడకి మొహమాటం. "చలిబొ" అనేస్తుంది. ఒరియాలో అది మన 'పర్లేదు'కి అప్పచెల్లెలు. ఎంత నొప్పి వరకూ పర్లేదో రెండు భాషల్లోనూ తేలలేదు.

మొన్న వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి మంచి హుషారులో ఉంది.

"కారు తలుపు తెరవడానికి కష్టంగా ఉందా మావుసీ?"

మాకు కారు లేదు. మేమెక్కే ఆటోకి తలుపు లేదు.

"ఆ కష్టం ఎప్పుడూ నేదమ్మా" అంది మా ఆవిడ, పూర్తి నిజాయితీగా.

తొట్టెలో దిగి స్నానం చేయడానికి? బకెట్టూ చెంబూ తప్ప ఎరగని మనిషి కాబట్టి అదీ కష్టం లేదు. గ్లాసెత్తడం, బొత్తాలు పెట్టుకోవడం నిజంగానే మునుపటికన్నా నయం. కష్టం లేని చోటల్లా ఆ అమ్మాయి సున్నా వేసింది. సున్నాలొస్తే సంబరపడడం నా చదువు మొత్తంలో అదే మొదలు.

"చాలా నయం సార్!" అంది అమ్మాయి.

మొదటి నెల మా పక్కన కూర్చున్న, రంభ ఊరి నుంచి వచ్చే చేపలావిడ ఈసారి లేదు. బిళ్ళ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని అప్పుడే చెప్పింది. ఏమైందని అడిగాను.

"రావడం మానేశారు సార్. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వచ్చినవాళ్ళనే కదా అడగగలం."

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆవిడ కూర్చున్న కుర్చీ ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది. కడుపు తిప్పినవాళ్ళు మానేస్తే, మిగిలేది నయమన్నవాళ్ళే కదా?

ఇంటి దగ్గర ఆటో దిగేసరికి డాబా మీద చీరలు పెళపెళలాడుతున్నాయి. ఎండ చక్కగా ఉంది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే అప్పడాల పీటా కర్రా అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి.

"ఒత్తడం ఎప్పుడు మానేశావు?"

"బిళ్ళ మొదలెట్టినప్పట్నుంచీ. సేతులికి రెస్టిస్తే మందుకి కాస్త సాయంగా ఉంటాదని."

"మరి నయమైంది మందు వల్లా, ఒత్తడం మానినందువల్లా?"

"ఆ పిల్ల కారు తలుపడిగింది. అప్పడాలడగనేదు."

"ఇచ్చింది ఉత్త బిళ్ళే అయితే?"

స్టూలు వేసుకుని పీట దించాను. తడిగుడ్డతో తుడిచాను, అవసరమైనదానికన్నా ఎక్కువసేపే.

"పిండి నేను కలుపుతాను. ఒక్కటి ఒత్తి చూడు. ఎలా ఉందో వచ్చే నెల ఆ అమ్మాయికి చెబుదాం."

ఆవిడ పిడికిలి బిగించింది. విప్పింది. వేళ్ళకేసి కాసేపు చూసుకుంది.

"ఒత్తి సూడమంటన్నారు. నొప్పొస్తే ఈ బిళ్ళ మీదా ఆశ పోద్ది. ఆ తరవాత ఏ మందున్నాదో, ముందు అది సెప్పండి."